తీతువు దళం కూర్చున్న చోటు

మా స్కూల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ బాధ్యత కొత్తగా నెత్తినేసుకున్న అమ్మాయి మొన్న అల్ వక్రాలో మా ఇంటికొచ్చింది. మంచి పిల్ల. చేతిలో పెన్ను, కళ్ళలో భయం. "మేడమ్, పిల్లల్లో లీడర్లని ఎలా ఎంచుకోవాలి? ఏమైనా పద్ధతి ఉందా?" అని అడిగింది. టీ ఇచ్చి ముడుల గురించీ, గుడారాల గురించీ, ఎడారి క్యాంపుకి అనుమతులెలా తీసుకోవాలన్నదాని గురించీ గంటసేపు చెప్పాను. లిఫ్టు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాక నాకే సిగ్గేసింది. ఆ పిల్ల అడిగిందొకటి, నేను చెప్పిందొకటి. అడిగినదానికి జవాబు చెప్పాలంటే ఒక పొద్దుటిపూట సంగతి చెప్పాలి. అది టీ తాగుతూ చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

నేను లెక్కల టీచర్ని. కాకినాడ నుంచి పెళ్ళయి ఖతర్ వచ్చి, ఇక్కడి ఇండియన్ స్కూల్లోనే ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాను. గైడ్స్ పని నేను కోరుకున్నది కాదు. ఎవరూ ఒప్పుకోకపోతే నా మీదికి తోశారు. తోసినవాళ్ళకి ఇప్పుడు దణ్ణం పెట్టాలో తిట్టాలో నాకు తెలియదు. ర్యాలీలు, పతకాలు, అతిథులతో తీయించుకున్న ఫోటోలు ఇక్కడ రాయను. ఆ ఫోటోలన్నిటిలోనూ నేను ఎండకి కళ్ళు మూసుకునే ఉంటాను.

దళం అంటే

మొదట్లో మా అమ్మకి ఫోన్ చేసి "దళాలకి నాయకుల్ని తయారు చేస్తున్నానమ్మా" అన్నాను. ఆవిడకి అడవిలో అన్నలు గుర్తొచ్చారు. "దేశం కాని దేశంలో నీకెందుకే ఈ బుద్ధి?" అని ఒకటే ఏడుపు. దళమంటే ఏడెనిమిది మంది పిల్లలనీ, వాళ్ళు కలిసి వంట చేసుకుంటారనీ, గుడారం వేసుకుంటారనీ చెప్పి ఊరుకోబెట్టేసరికి నా ఫోన్ కార్డు అయిపోయింది.

నిజానికి అంతే. ప్రతి దళానికీ ఒక లీడర్, ఒక సహాయ లీడర్, సామాన్లు చూసుకునే పిల్ల ఒకరు. పెద్దవాళ్ళం దూరంగా ఉంటాం. పదిహేనేళ్ళ పిల్ల పదకొండేళ్ళ పిల్లని చూసుకోవాలి, అదీ చదువు. దళాలకి ఈ దేశంలో కనిపించే పక్షుల పేర్లు పెట్టేవాళ్ళం: కొంగ, గద్ద, రాజహంస, తీతువు. ఒక్కో దళానికీ ఆ పక్షి కూతే సంకేతం. దూరంగా ఉన్నవాళ్ళని ఆ కూతతోనే పిలుచుకోవాలి.

తీతువు పేరు నాకిష్టం లేదు. మా ఇళ్ళలో తీతువు కూస్తే చావు కబురొస్తుందంటారు. కానీ ఆ కూత పిల్లలకి ఎంతో సరదా. లెక్కల టీచర్ని అయ్యుండి శకునాలు చెబితే నవ్విపోతారని ఊరుకున్నాను.

కదలొద్దన్న కుర్రాడు

నేను చేరిన కొత్తల్లో మా ప్రిన్సిపాల్ గారికి ఒక అలవాటుండేది. మార్కుల్లో ఫస్టు వచ్చినవాళ్ళనీ, గుడారాలు కొనిచ్చిన తండ్రుల పిల్లలనీ తనే లీడర్లుగా ప్రకటించేవారు. ఆయనకి ఎదురు చెప్పే దమ్ము ఎవరికీ లేదు. అప్పటికి నాకూ లేదు.

అలా లీడరైన కుర్రాడొకడు, పదమూడేళ్ళవాడు, ఒకరోజు బడి వదిలాక తన దళానికి కవాతు నేర్పుతున్నాడు. పిల్లలు మాట్లాడుకుంటున్నారని కోపం వచ్చింది. భవనం వెనక గోడ పక్కన వాళ్ళని వరసగా కూర్చోబెట్టి, "నేను వచ్చి చెప్పేదాకా ఎవరూ కదలొద్దు, నోరెత్తొద్దు" అని గేటు దగ్గరికొచ్చాడు. అక్కడ వాళ్ళ నాన్న కారు కనిపించింది. ఎక్కి వెళ్ళిపోయాడు. మర్చిపోయాడంతే, పాపం దుర్మార్గుడేం కాదు.

ఆ సాయంత్రం గాలి లేచింది. ఖతర్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆకాశం ముందు పసుపు రంగుకి తిరుగుతుంది, తర్వాత ఎదురుగా ఉన్న భవనం కూడా కనిపించదు. బస్సులు పంపే డ్యూటీ నాది. ఒక తల్లి ఫోన్, వెంటనే ఇంకో తల్లి ఫోన్, మా వాడు ఇంకా రాలేదని. ముఖానికి చున్నీ చుట్టుకుని వెతుక్కుంటూ భవనం వెనక్కి వెళ్ళాను.

గోడ పక్కన వరసగా కూర్చుని ఉన్నారు. జుట్టు మీద, రెప్పల మీద, పెదాల మీద దుమ్ము. అన్ని ముఖాలదీ ఒకటే రంగు. ఎవరు ఎవరో నాకు తెలియలేదు. "లేవండర్రా, బస్సు వెళ్ళిపోతోంది" అన్నాను. ఎవరూ లేవలేదు. గట్టిగా అరిచాను. నావైపు చూడను కూడా చూడలేదు. ఒక చిన్నవాడి నిక్కరు తడిసిపోయి ఉంది. వాడు పెదాలు కదిలీ కదలకుండా "సార్ చెప్పాలి" అన్నాడు. పదమూడేళ్ళ కుర్రాడు వాళ్ళకి సార్!

ఆ క్షణంలో నాకు వాళ్ళని ముట్టుకోవడానికి భయమేసింది. ఉన్నమాట రాస్తున్నాను. చివరికి ఆ కుర్రాడి ఇంటికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, "నువ్వు చెప్పు" అన్నాను. ఫోన్లోంచి "లేవండి" అని ఒక్క మాట వినబడింది. అందరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారికి చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా మేడమ్, ఎంత డిసిప్లినో!" అన్నారు.

ఆ రోజే తెలుసుకున్నాను. పిల్లల చేత మాట వినిపించుకోవడం పెద్ద విద్య కాదు. ఎవడికైనా వస్తుంది. అంత సులువుగా వచ్చేదాన్ని ఎవరి చేతికి ఇస్తున్నామన్నదే మనం చూసుకోవలసింది. ఆయన బదిలీ అయ్యాక పద్ధతి మార్చాను. ప్రతి పిల్లనీ విడిగా పిలిచి ఒక్కటే అడిగేదాన్ని: "క్యాంపులో నీకు జ్వరమొస్తే ముందు ఎవరితో చెబుతావు?" ఎక్కువమంది ఎవరి పేరు చెబితే ఆ పిల్లే లీడర్. నన్నడిగితే ఇప్పటికీ ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

రవళి

అలా ఒక ఏడాది తీతువు దళమంతా ఒకే పేరు చెప్పింది. రవళి. ముఐథర్‌లో ఉండేవాళ్ళు. తండ్రిది జగిత్యాల పక్క పల్లె, కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కూలీగా వచ్చి ఫోర్‌మన్ అయ్యాడు. రవళి ఇక్కడే పుట్టినా ఇంట్లో మాట్లాడే తెలంగాణ మాటే బడిలోనూ మాట్లాడేది. పెద్దగా నవ్వదు. ఎవరి చెప్పు తెగినా ఆ పిల్ల సంచిలో పిన్నీసు ఉంటుంది.

లీడర్ నువ్వే అంటే, "నేనొద్దు టీచర్, నాకు ఒర్రుడు రాదు" అంది.

"అరవక్కర్లేదే తల్లీ. చూసుకుంటే చాలు" అన్నాను.

అందరికంటే ఎక్కువగా ఆ పిల్లని అంటిపెట్టుకున్నది హర్షిణి. ఆరో తరగతి. భీమవరం వాళ్ళు, ఉండేది మా అల్ వక్రాలోనే. నోరు మూతపడదు, ప్రతి వాక్యానికీ 'అండి' తగిలిస్తుంది. రవళి ఎటు వెళితే అటు "అక్కా, అక్కా" అంటూ తిరిగేది. పిల్లలు దాన్ని రవళి తోక అనేవాళ్ళు.

లీడర్లకి నేను నేర్పిన నియమాల్లో ఒకటి ఇక్కడ చెప్పాలి. పొగమంచు గానీ దుమ్ము గానీ కమ్మి దారి కనబడకపోతే దళం ఎక్కడున్నది అక్కడే కూర్చోవాలి. గుండ్రంగా కూర్చుని, ఒకరి మెడలోని స్కార్ఫ్ కొస ఇంకొకరు పట్టుకోవాలి. నేను దగ్గరికొచ్చి సీటీ, అంటే విజిల్, ఊదేదాకా లేవకూడదు. శబ్దం వినబడినా దానివైపు నడవకూడదు, ఎందుకంటే మంచులో శబ్దం ఎటునుంచి వస్తోందో చెవికి తెలియదు. ఒకరు తప్పిపోతే వెతకడానికి ఇంకొకరు వెళ్ళకూడదు. ఉన్నవాళ్ళని ఉంచుకోవడమే లీడర్ పని. ఇది నేను బోర్డు మీద బొమ్మ గీసి, చాలా తేలిగ్గా నేర్పాను.

ఆ పొద్దున

చలికాలం క్యాంపు. ఉత్తరాన సముద్రపొడ్డున జనం ఎప్పుడో వదిలేసిన చేపలవాళ్ళ ఊరొకటి ఉంది. కప్పుల్లేని రాతిగోడలు, మధ్యలో ఒక చిన్న మసీదు మినార్. ఆ ఊరికి దూరంగా గుడారాలు వేశాం. ఊరికీ సముద్రానికీ మధ్య సబ్ఖా. అంటే ఉప్పు పేరుకున్న నేల. పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెడితే దిగిపోతుంది. పోటు వచ్చినప్పుడు దాని మీదికి నీళ్ళు చప్పుడు లేకుండా పాకి వస్తాయి. అటు వెళ్ళొద్దని పిల్లలకి ముందే చెప్పాం.

మా బస్సు డ్రైవర్ మస్తాన్‌ది రాయచోటి. స్కూల్లో చేరకముందు చాలాకాలం ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేశాడు. దిగగానే చుట్టూ చూసి, "ఏమో మేడమ్, ఈ తావు నాకు బాగా అనిపించలేదు. నేను బస్సు కాడనే ఉంటా" అన్నాడు. బద్ధకం అనుకుని నవ్వాను.

తెల్లవారాక దారి గుర్తుల ఆట. రాళ్ళతో నేల మీద బాణాలు పేర్చి ఉంటాయి. వాటిని చూసుకుంటూ దళాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళి తిరిగి రావాలి. దారి సముద్రం వైపు కాదు, దానికి ఎదురు దిక్కున, ఊరి వెనకనుంచి చుట్టి వస్తుంది. మొదటి మూడు దళాలు వెళ్ళొచ్చేశాయి. చివర తీతువు దళం వెళ్ళింది. వెళ్ళిన కాసేపటికి మంచు దిగింది.

ఈ దేశంలో మంచు ఎంత చిక్కగా దిగుతుందో ఊళ్ళో ఉండేవాళ్ళకి తెలియదు. ఇటున్న గుడారం నుంచి అటున్న గుడారం కనబడలేదు. జెండా గుడ్డ తడిసి కర్రకి అతుక్కుపోయింది. వచ్చిన పిల్లలందరినీ ఒక్క గుడారంలో కూర్చోబెట్టి, సహాయానికి వచ్చిన టీచర్ని కాపలా పెట్టాను. మస్తాన్ బస్సు లైట్లు వేసి హారన్ కొట్టాడు.

ఆ లైట్ల వెలుగులోకి హర్షిణి నడిచొచ్చింది. ఒక్కతే.

"మిగతావాళ్ళేరే?" అంటే, "ముందున్నారండి. మొదటి బాణం దగ్గర నా నీళ్ళ సీసా మర్చిపోయానండి. తెచ్చుకుని పరుగెత్తుకెళ్ళి కలిసిపోదామని ఎవరికీ చెప్పలేదండి. ఇంతలో మంచొచ్చేసింది. లైట్లు చూసి వచ్చేశానండి" అంది. చెంప పగలగొట్టాలన్నంత కోపం, కౌగిలించుకోవాలన్నంత సంతోషం ఒక్కసారే వచ్చాయి. దుప్పటి కప్పి బస్సు మెట్టు మీద కూర్చోబెట్టాను. ఇక రవళి నా నియమం పాటిస్తే ఎక్కడో కూర్చునే ఉంటుంది. మంచు విడిచేదాకా ఆగడమే.

అప్పుడు తీతువు కూత వినబడింది. మా దళం కూతే. నా ప్రాణం లేచొచ్చింది. పిల్లలు వచ్చేస్తున్నారనుకున్నాను. కూత ఆగి, రవళి గొంతు వినబడింది.

"హర్షిణీ... ఇగ రా."

అరుపు కాదు. పక్క గదిలోంచి అన్నానికి పిలిచినట్టు ఉంది. హర్షిణి లేచింది. "వస్తున్నానక్కా" అంది. దుప్పటి జారిపోయింది, సీసా కింద పడింది, అదేమీ చూసుకోకుండా మంచులోకి నడిచింది. నేనూ దాని వెనకే రెండడుగులు వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ చెప్పలేను. ఆ గొంతు వింటే ఎవరైనా వెళతారు.

మస్తాన్ ఒక్క ఉదుటున వచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "యాడికి పోతాండావు పాపా? ఆ పక్కంతా నీళ్ళు!" నావైపు తిరిగి, "మేడమ్, పిల్లోళ్ళు పోయింది ఈ పక్క కదా. ఆ పక్క నుంచి ఎట్ల పిలుస్తారు?" అన్నాడు.

నిజమే. గొంతు సముద్రం వైపు నుంచి వస్తోంది. మంచులో చెవి మోసపోతుందని పిల్లలకి చెప్పింది నేనే. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. గొంతు ఇంకోసారి పిలిచింది, ఈసారి ఇంకా మెత్తగా. హర్షిణి మస్తాన్ చేతిలో గింజుకుంటూ ఏడ్చింది. "అక్క పిలుస్తోందండి, వదలండి." పిల్లని బస్సులోకి ఎక్కించి తలుపు వేయించాను. నేను బయటే నిలబడి, చేతిలో సీటీ ఉన్నా ఊదడానికి ధైర్యం చాలక ఊరుకున్నాను. దానికేం జవాబొస్తుందోనని.

పొద్దెక్కాక మంచు పలచబడింది. హర్షిణిని మస్తాన్‌కి అప్పగించి బాణాల వెంట పరుగెత్తాను. ఊరి వెనక కనిపించారు. మంచు దిగేముందే దారి తప్పి, సబ్ఖా ఊరి వెనక్కి చుట్టి వచ్చే చోటు దాకా వచ్చేసి ఉన్నారు. గుండ్రంగా, స్కార్ఫులు పట్టుకుని, తలలు వంచుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనక నాలుగు బారల దూరంలో నీళ్ళు నిండి ఉన్నాయి. అద్దంలా, ఒక్క అల కూడా లేకుండా.

"రవళీ!" అన్నాను. ఎవరూ లేవలేదు. రవళి తలెత్తి నన్ను చాలాసేపు చూసింది.

"టీచర్, మీరేనా? ఐతే సీటీ ఊదుండ్రి."

ఊదాను. అప్పుడు లేచింది. మిగతా పిల్లలు నా మీద పడి ఏడ్చారు. "హర్షిణి నీళ్ళలో ఉంది టీచర్, రవళక్క వెళ్ళనివ్వలేదు, పాపం అది ఎంత ఏడ్చిందో" అని.

"హర్షిణి బస్సులో ఉంది" అన్నాను. "మంచు దిగిన కాసేపట్లోనే వచ్చేసింది."

ఏడుపులు ఆగిపోయాయి. సహాయ లీడర్ కీర్తన నీళ్ళవైపు చూసి, "మరి ఏడ్చిందెవరు?" అంది. రవళి నాలుగడుగులు పక్కకి వెళ్ళి వాంతి చేసుకుంది.

పిల్లలు చెప్పింది

తర్వాత ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నది ఇది. మంచు రాగానే రవళి అందరినీ కూర్చోబెట్టింది. అప్పుడు చూసుకుంటే హర్షిణి లేదు. దాని కోసం గుండ్రంలో చోటు వదిలారు. ఆ చోటు పక్కనున్న కీర్తన తన స్కార్ఫ్ కొసని ఖాళీలోకి చాచి పట్టుకుంది, హర్షిణి వస్తే అందుకుంటుందని.

కాసేపటికి కూత వినబడింది. తర్వాత హర్షిణి గొంతు. "అక్కా, కాలు దిగిపోయింది. అక్కా, నీళ్ళొస్తున్నాయి." పిల్లలు లేవబోతే రవళి "కూసోండ్రి" అంది. ఆ గొంతు ఏడ్చింది, బతిమాలింది, రవళి తోకనని కూడా అంది. ఎవరో పిల్ల రవళిని తిట్టింది. ఇంకెవరో కొట్టింది కూడా. రవళి కదల్లేదు.

అప్పుడు కీర్తన చేతిలోని స్కార్ఫ్ కొసని అటునుంచి ఎవరో పట్టుకున్నారట. గట్టిగా కాదు, పిల్లలు పట్టుకున్నట్టే. కీర్తన సంతోషంతో "వచ్చేసింది" అంది. రవళి ఆ వైపు చూసి, చెయ్యి చాచి, స్కార్ఫ్ కొస లాగి తన గుప్పిట్లోకి తీసుకుంది. "దగ్గరికి జరుగుండ్రి. ఖాళీ జాగ ఉంచొద్దు" అంది. అందరూ జరిగారు. హర్షిణి చోటు మూసుకుపోయింది. పిల్లలు ఆమెను క్షమించలేకపోయింది దీనికే.

నేను రవళిని ఒక్కటే అడిగాను. "నువ్వు హర్షిణిని పిలిచావా?"

"నేను ఒక్కసారి గూడ పిలువలే టీచర్."

సామాన్లు ఎక్కిస్తూ మస్తాన్ చెప్పాడు. "మా కఫీలు, అదే ఆ అరబ్బు సేటు, వాళ్ళమ్మ చెప్తాండె మేడమ్. ముత్యాల కోసరం పడవల్లో పోయే కాలంలో నీళ్ళలోంచి ఎవురో మనిషి గొంతుతో అరిచేదంట, కాపాడండని. పోయినోడు మళ్ళా రాడంట. అందుకే అట్టాంటి అరుపు ఇనపడితే ముసలోళ్ళు పిల్లోళ్ళ చెవులు మూసేవాళ్ళంట." ఈసారి నేను నవ్వలేదు.

విచారణ

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకి నిప్పంటుకుంది. వైస్ ప్రిన్సిపాల్ కొత్తగా వచ్చాడు, చురుకైనవాడు. సైన్సు టీచర్ని పిలిపించాడు. ఆ ఒడ్డున తీతువులుంటాయనీ, మంచులో శబ్దం వంకరలు పోతుందనీ, భయపడ్డ పిల్లలు లేనిది వింటారనీ ఆవిడ చెప్పింది. చాలా బాగా చెప్పింది. భయపడ్డ పిల్లల సంగతి సరే, నేనూ మస్తానూ విన్నదాని గురించి ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెబితే రవళిని వదిలేసి నన్ను ఆసుపత్రికి పంపేవారు.

"మేడమ్, ఏడుస్తున్న పిల్ల దగ్గరికి వెళ్ళనివ్వలేదంటే ఆ అమ్మాయిలో లీడర్ లక్షణం ఏముంది? హర్షిణి అమ్మగారికి క్షమాపణ చెప్పించండి" అన్నాడు వైస్ ప్రిన్సిపాల్.

"ఏడ్చిన పిల్ల అక్కడ లేదు కదండీ" అన్నాను.

"లేదని ఆ అమ్మాయికి తెలియదు కదా!"

తెలివితక్కువ మనిషి కూడా ఒక్కోసారి సరైన ప్రశ్న అడుగుతాడు. క్షమాపణ మాత్రం చెప్పించనన్నాను. నియమం పెట్టింది నేను, ఏమైనా చేయదలిస్తే నన్ను చేయండి అన్నాను. గొంతు కాస్త పెంచే అన్నాను. గైడ్స్‌కి ఇంకో మనిషి దొరకదని ఆయనకి తెలుసు. ఫైలు మూసేశాడు.

ఆ శుక్రవారం ముఐథర్‌లో రవళి వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి సకినాలు పెట్టింది. తండ్రి నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు. "సైట్ల ఒకడు గుంతల గ్యాసుకు సోయి తప్పితె, ఆగకుంట దుంకినోడు గూడ పోతడు టీచరమ్మా. మాకు మొదటి దినమే చెప్తరు గది. నా బిడ్డ మంచి పనే చేసింది. కని నిద్రపోతలేదు" అన్నాడు.

రవళి గదిలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. ముఖం వాడిపోయి ఉంది.

"మంచి పని చేశావే. అందరినీ తీసుకొచ్చావు" అన్నాను.

"అందరు గదే అంటున్నరు టీచర్. ఆడ హర్షిణి లేదు గద, ఇంకేంది అంటున్నరు. నేను ఆడ ఉన్నది హర్షిణే అనుకున్న. అది మునుగుతున్నదనే అనుకున్న. అనుకునే పోలే." నావైపు తిరిగి, "మీరు చెప్పిండ్రని కూసున్న" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల ఎదుటే ఏడ్చాను. పిల్ల నా చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టింది.

కొత్త టీచరమ్మా, నువ్వు అడిగినదానికి నాకు తెలిసిన జవాబు ఇది. ఆ బ్యాడ్జి పెట్టినప్పుడు మనం పిల్ల చేతికి ఇచ్చేది పెత్తనం కాదు. రేపు ఎవరినో వదులుకోవలసి వస్తే వదులుకునే పనిని ఇస్తున్నాం, ఆ తర్వాత దాన్ని మోసే పనినీ ఇస్తున్నాం. హాయిగా నిద్రపోగల పిల్లకి ఎప్పుడూ ఇవ్వకు. నియమం మాత్రం మార్చకు. నేనెన్నో రాత్రులు మార్చాలనుకున్నాను. కానీ అది లేకపోయి ఉంటే ఆ నీళ్ళ ఒడ్డున ఎవరూ మిగిలేవారు కాదు.

తర్వాతి సమావేశం

మళ్ళీ దళాలు కలిసిన రోజు రవళి వస్తుందనుకోలేదు. వచ్చింది. తీతువు పిల్లలు ఆమె చుట్టూ కూర్చున్నారు గానీ ఎవరూ మాట్లాడటం లేదు. నేను సామాన్ల గదిలో తాళ్ళు చుడుతుంటే హర్షిణి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"టీచర్, నన్ను కొంగ దళంలో వేయండి."

"అక్క మీద కోపమొచ్చిందా?"

"లేదండి. అక్క మంచి లీడరేనండి. అక్క కూర్చోబెట్టబట్టే కదండి అందరూ బాగున్నారు." వేలితో తలుపు మీద గీతలు గీసింది. "నిజంగా నేనే అయితే వచ్చేదానివా అని అడిగానండి. వచ్చేదాన్ని కాదు అంది. అబద్ధం చెప్పొచ్చు కదండి, చెప్పలేదు. అక్క మంచిదేనండి. కానీ నాకు వచ్చే అక్క కావాలండి."

తలెత్తితే, దాని వెనక రవళి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. హర్షిణి భుజం మీద చెయ్యి వేసి పెట్టె మీద కూర్చోబెట్టింది. కుట్టు డబ్బా తీసి, చిన్న కత్తెరతో దాని చొక్కా మీది తీతువు బ్యాడ్జి కుట్లు ఒక్కొక్కటే ఊడదీసింది. ఆ చోట కొంగ బ్యాడ్జి పెట్టి కుట్టింది. దారం పంటితో తెంపింది.

"ఊడిపోకుంట కుట్టిన. పో, వాళ్ళు ఎదురుచూస్తున్నరు."

హర్షిణి పరుగెత్తింది. రవళి సూది డబ్బాలో పెట్టి, మూత బిగించి, వెళ్ళి తన దళంలో కూర్చుంది. గుండ్రంలో ఒక చోటు ఖాళీగా ఉంది. పిల్లలందరూ తలలు వంచుకుని దానివైపే చూస్తున్నారు.

"దగ్గరికి జరుగుండ్రి" అంది.